గ్లైడ్ అంటే జారడమేనా?

ఈ పాఠం ఒకే ఒక్క ఇంగ్లిషు క్రియ గురించి. ఆ క్రియ ‘గ్లైడ్’. విద్యార్థులు వాడే చిన్న నిఘంటువుల్లో దీనికి ఎదురుగా ‘జారు’ అన్న అర్థం కనిపిస్తుంది. ఒక మాటకు ఒక అర్థం, బట్టీ పట్టడానికి వీలుగానే ఉంటుంది. కాని ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి ముందుగా ఒక చిన్న సంఘటన చెబుతాను.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో కోటా అనే ఊరుంది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో ఉన్న ఈ ఊరి స్టేషను పేరు మాత్రం కర్గీ రోడ్. రైల్వే ఉద్యోగాల మూలంగా బిలాస్‌పూర్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కోటాలో అటువంటి ఒక ఇంటికి నేను వెళ్లినప్పుడు, ఆ ఇంటి అబ్బాయి ఇంగ్లిషు వాక్యాలను తెలుగులోకి మారుస్తున్నాడు. వాక్యం ఇది: ‘ద ట్రెయిన్ గ్లైడెడ్ అవుట్ ఆఫ్ ద స్టేషన్.’ అబ్బాయి నిఘంటువు చూసి, ‘రైలు స్టేషను నుంచి జారిపోయింది’ అని రాశాడు. గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసిన వాళ్ల నాన్న ఆ వాక్యం చదివి ఒక్కసారిగా కళ్లజోడు తీశాడు.

‘ఒరేయ్, స్టేషనులోంచి బండి జారిపోతే ఏమవుతుందో తెలుసా? ముందు నా ఉద్యోగం పోతుంది, తరవాత ఎన్ని ప్రాణాలు పోతాయో!’ అన్నాడు. నావైపు తిరిగి, ‘మీరే చెప్పండి మాస్టారూ’ అన్నాడు.

అబ్బాయి నిఘంటువును సరిగ్గానే చూశాడు. తండ్రి అన్నదీ సరిగ్గానే ఉంది. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే మనకు ఒక మాట అర్థమే కాదు, కదలికను గురించిన కొంత భౌతికశాస్త్రం కూడా తెలుస్తుంది.

మాటలో దాగిన నాలుగు లక్షణాలు

గ్లైడ్ పాత ఇంగ్లిషు కాలం నుంచీ ఉన్న మాట. జర్మన్ భాషలోని ‘గ్లైటెన్’ దీనికి దగ్గరి చుట్టం. అంటే గ్లైడర్ అనే విమానం పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ క్రియ ఉంది. పడవకు, పాముకు, పక్షికి, మనిషి నడకకు దీన్ని వాడుతూ వచ్చారు. ఇన్ని వేర్వేరు వస్తువులకు ఒకే మాట ఎలా సరిపోయింది? ఈ కదలికలన్నిటిలోనూ సాధారణంగా నాలుగు లక్షణాలు కనిపిస్తాయి.

మొదటిది, కుదుపు లేకపోవడం. రెండవది, మధ్యలో తెగకుండా సాగడం. మూడవది, కదలడానికి పడుతున్న శ్రమ చూసేవాడికి కనిపించకపోవడం. నాలుగవది, దిశ తప్పకపోవడం, అంటే కదలిక అదుపులో ఉండడం.

మొదటి లక్షణాన్ని కొంచెం వివరంగా చూద్దాం. కుదుపు వేగం వల్ల కలిగేది కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైలులో కూడా మీరు బల్ల మీద టీ గ్లాసు పెట్టి నిశ్చింతగా కూర్చోవచ్చు. వేగం పెరగడం వల్లనే కుదుపు వస్తుందా అంటే, అదీ కాదు. వేగం సెకను సెకనుకూ ఒకే తీరుగా పెరుగుతూ ఉంటే మన శరీరం సీటుకు కాస్త ఒత్తుకుంటుంది, అంతే. వేగంలోని మార్పునే త్వరణం అంటాం. ఆ త్వరణం హఠాత్తుగా మారినప్పుడు మాత్రమే టీ ఒలుకుతుంది. త్వరణం ఎంత తొందరగా మారుతున్నదో తెలిపే రాశికి భౌతికశాస్త్రంలో ‘జెర్క్’ అనే పేరుంది. అదే మన కుదుపు. మంచి లోకో పైలట్ బండిని కదిలించేటప్పుడు త్వరణాన్ని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతాడు. కిటికీలోంచి ప్లాట్‌ఫారం వెనక్కి పోతుంటే తప్ప బండి కదిలిన సంగతి మీకు తెలియదు. ఇంగ్లిషు రచయిత దాన్ని చూసి ‘గ్లైడెడ్ అవుట్’ అన్నాడు. తెలుగులో ‘రైలు స్టేషను నుంచి సాఫీగా కదిలి వెళ్లింది’ అంటే సరిపోతుంది.

రైలు అంత తేలికగా ఎలా సాగుతుంది?

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. సాఫీగా పోతున్న రైలుచక్రం పట్టా మీద జారడం లేదు. అది దొర్లుతోంది. జారేటప్పుడు ఒక ఉపరితలం మరొకదానిని రాసుకుంటూ పోతుంది. దొర్లేటప్పుడు చక్రం అంచులోని ఒక్కొక్క బిందువూ పట్టాను తాకి, ఆ క్షణంలో దాని మీద నిలిచి, మళ్లీ పైకి లేస్తుంది. అందువల్ల దొర్లడానికి ఎదురయ్యే నిరోధం జారడానికి ఎదురయ్యే ఘర్షణకంటే చాలా తక్కువ. పైగా ఉక్కు చక్రం, ఉక్కు పట్టా రెండూ గట్టివే కాబట్టి తాకినచోట నొక్కుకుపోవడం దాదాపు ఉండదు. రబ్బరు టైరు అలా కాదు. అది ప్రతి మలుపులోనూ నొక్కుకుని మళ్లీ సాగుతుంది, ఆ పనిలో కొంత శక్తి వేడిగా పోతుంది.

అంకెల్లో చెప్పుకుందాం. సమతలం మీద తక్కువ వేగంతో పోయే రైలుకు టన్ను బరువుకు రమారమి 2 కిలోల బలం ఎదురవుతుందనుకోండి. రోడ్డు మీది లారీకి అదే టన్నుకు దాదాపు 10 కిలోలు. రెండూ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుండగా ఇంజన్ల శక్తి ఆపేశామనుకుందాం. బ్రేకు వేయకపోతే లారీ సుమారు 500 మీటర్లలో ఆగిపోతుంది. రైలు ఆగడానికి సుమారు 2,500 మీటర్లు కావాలి. గాలి నిరోధాన్ని ఈ లెక్కలో వదిలేశాం, అయినా తేడా మీకు తెలిసింది. ఇంకొక సంగతి. 13 మీటర్ల పట్టాలను ఒకదాని పక్కన ఒకటి బిగించిన రోజుల్లో ప్రతి అతుకు దగ్గరా ‘టకటక’ శబ్దం, చిన్న కుదుపు ఉండేవి. పట్టాలను పొడవునా వెల్డింగు చేయడం వచ్చాక ఆ చప్పుడు చాలావరకు పోయింది. రైలు విషయంలో ‘గ్లైడ్’ అన్న క్రియ ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ నిజం.

సాఫీ కదలికే ప్రమాదమైతే

ఇప్పుడు ఆ గార్డుగారి భయానికి వద్దాం. టన్నుకు 2 కిలోల బలంతోనే బండి కదులుతుందంటే, ఆ బలాన్ని ఇంజనే ఇవ్వనక్కరలేదు. కొద్దిపాటి వాలు కూడా ఇవ్వగలదు. 400 మీటర్ల పొడవుకు ఒక్క మీటరు దిగే వాలును తీసుకోండి. నిలబడి చూస్తే అది వాలని కూడా తెలియదు. కాని ఆ వాలు మీద ప్రతి టన్ను బరువునూ 1,000ని 400తో భాగిస్తే వచ్చేంత బలం, అంటే 2.5 కిలోల బలం కిందికి లాగుతుంది. ఎదురయ్యే నిరోధం 2 కిలోలే. బ్రేకు లేకపోతే బండి తనంతట తానే కదలడం మొదలుపెడుతుంది.

అందుకే భారతీయ రైల్వేలు స్టేషను యార్డుల్లో 400కు ఒకటి కంటే ఎక్కువ వాలు మామూలుగా ఉండకూడదని నియమం పెట్టుకున్నాయి. రోలర్ బేరింగులున్న వ్యాగన్లు ఇంకా తేలికగా కదులుతాయి కాబట్టి 1,200కు ఒకటి ఉంటే మేలని సిఫార్సు చేశాయి. ఆ వాలు మీద లాగే బలం టన్నుకు ఒక కిలో కూడా ఉండదు. అంతటితో ఆగకుండా, నిలబెట్టిన పెట్టెలకు చేతి బ్రేకులు బిగించి, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, గొలుసులతో పట్టాకు కట్టి తాళం వేసే పద్ధతి కూడా ఉంది.

ఈ జాగ్రత్తలు తప్పితే ఏమవుతుందో 2018 ఏప్రిల్ 7 రాత్రి ఒడిశాలోని టిట్లాగఢ్‌లో కనిపించింది. రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే మార్గంలో ఉన్న స్టేషను అది. అహ్మదాబాద్–పూరీ ఎక్స్‌ప్రెస్‌కు ఇంజనును ఒక చివర నుంచి తీసి మరో చివర తగిలించవలసిన సమయంలో, ప్రయాణికులతో నిండిన 22 పెట్టెలు ఇంజను లేకుండానే కేసింగా వైపు కదిలి పదికి పైగా కిలోమీటర్లు పోయాయి. సిబ్బంది పట్టాల మీద రాళ్లు పెట్టి బండిని ఆపారు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. 2024 ఫిబ్రవరి 25న జమ్మూకశ్మీరులోని కఠువా నుంచి ఒక గూడ్సు బండి డ్రైవరు లేకుండా దాదాపు 70 కిలోమీటర్లు పోయి పంజాబులోని ఊంచీ బస్సీ దగ్గర ఆగింది.

ఆలోచించండి. టిట్లాగఢ్‌లో పెట్టెలు కదిలిన తొలి క్షణాల్లో లోపలున్న ప్రయాణికులకు అది మామూలు కదలికగానే తోచి ఉంటుంది. కుదుపు లేదు, ఎడతెగలేదు, శ్రమ కనిపించలేదు. మొదటి మూడు లక్షణాలూ ఉన్నాయి. నాలుగవది మాత్రం లేదు. అదుపు లేదు. అటువంటి బండికి ఇంగ్లిషులో ‘రోల్డ్ ఎవే’ అనో ‘రన్ ఎవే ట్రెయిన్’ అనో అంటారు. ‘గ్లైడెడ్’ అనరు. తెలుగు రైల్వే ఇళ్లల్లో ‘బండి జారిపోయింది’ అంటే సరిగ్గా ఇదే అర్థం. అబ్బాయి వాక్యం తండ్రిని ఎందుకు ఉలిక్కిపడేలా చేసిందో ఇప్పుడు మీకు బోధపడింది కదా?

పక్కపక్కనే ఉండే మాటలు

గ్లైడ్‌కు ఇరుగుపొరుగున నాలుగు క్రియలున్నాయి. వీటన్నిటికీ మనం ‘జారు’ అనే అనేస్తుంటాం. తేడాలు చూడండి.

‘స్లైడ్’ అంటే ఒక ఉపరితలాన్ని రాసుకుంటూ కదలడం. పార్కులో పిల్లలు జారుడుబల్ల మీద చేసేది ఇదే. బీరువా అర స్లైడ్ అవుతుంది. అరకు నూనె రాసి, అది చప్పుడు లేకుండా తేలికగా కదులుతుంటే గ్లైడ్ అవుతోందని కూడా అనవచ్చు. స్లైడ్ అన్నది కదిలే విధానాన్ని చెబుతుంది, గ్లైడ్ అన్నది ఆ కదలిక నాణ్యతను చెబుతుంది.

‘స్లిప్’ అంటే పట్టు తప్పడం. అరటితొక్క మీద కాలు పడినప్పుడు జరిగేది ఇది. రైల్వేవారు దీనికి మరింత కచ్చితమైన అర్థం ఇచ్చారు. ఇంజను బండిని లాగబోయినప్పుడు, తడి పట్టా మీద పట్టు దొరకక చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగితే అది వీల్ స్లిప్. అప్పుడు లోకో పైలట్ చక్రం ముందు పట్టా మీద ఇసుక జారవిడుస్తాడు.

‘స్కిడ్’ దీనికి తలకిందులు. బ్రేకు బిగిసి చక్రం తిరగడం మానేస్తుంది, బండి మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. చక్రం ఒకేచోట అరిగి చదునవుతుంది. ఆ తరువాత అది తిరిగినప్పుడల్లా ఆ చదును భాగం పట్టాను ‘టక్ టక్’మని కొడుతుంది. వాన రోజున మోటారుసైకిలు స్కిడ్ అయిందని మనం తెలుగులోనే అంటున్నాం.

‘కోస్ట్’ అంటే శక్తి ఇవ్వడం ఆపేసి, ఉన్న ఊపుతోనే పోవడం. సైకిలు తొక్కడం ఆపి పల్లంలో వదిలేస్తే అది కోస్టింగ్. విద్యుత్తుతో నడిచే రైళ్లు దారిలో అక్కడక్కడ ‘న్యూట్రల్ సెక్షన్’ అనే కొద్దిపాటి దూరాన్ని దాటవలసి వస్తుంది. అక్కడ పైతీగలో విద్యుత్తు ఉండదు. లోకో పైలట్ ముందే ఇంజనుకు విద్యుత్తు ఆపేస్తాడు. బండి తన గతిజశక్తితోనే ఆ దూరం దాటుతుంది. కోటాకు ఎగువన భన్వర్‌టోంక్ కొండదారి దిగివచ్చే బండ్లకూ ఇంజను లాగే పని తక్కువ, బ్రేకుల పనే ఎక్కువ. కోస్ట్ అన్న క్రియ శక్తి ఎక్కడినుంచి వస్తోందో చెబుతుంది. గ్లైడ్ ఆ సంగతి చెప్పదు. ఇంజను లాగుతున్నా, లాగకపోయినా, కదలిక సాఫీగా ఉంటే చాలు.

గాలిలో గ్లైడ్

ఒక్క గాలి విషయంలో మాత్రం ఈ మాటకు శాస్త్రంలో కచ్చితమైన అర్థం ఏర్పడింది. రెక్కలాడించకుండా, ఇంజను లేకుండా, ఎత్తును కొద్దికొద్దిగా కోల్పోతూ ముందుకు సాగడమే గ్లైడింగ్. ఇక్కడ శక్తి ఎక్కడినుంచి వస్తోంది? ఎత్తులో దాచుకున్న స్థితిజశక్తి నుంచి. గాలి నిరోధం తినేసే శక్తిని ఎత్తు తగ్గించుకుని చెల్లించాలి. గ్లైడింగ్‌లో ఉచితంగా దొరికేది ఏమీ లేదు.

కోటా నుంచి అడవిదారి పడితే అచానక్‌మార్ వస్తుంది. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన అడవి ఇది. ఇటువంటి మధ్యభారత అడవుల్లో ఎగిరే ఉడుత ఉంటుంది. రాత్రిపూట చెట్టు కొమ్మ మీదినుంచి దూకి, ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య ఉన్న చర్మాన్ని గొడుగులా చాచి, దూరంగా ఉన్న మరో చెట్టు మొదలుకు దగ్గరగా వాలుతుంది. పేరుకు ‘ఎగిరే’ ఉడుతే గాని అది ఎగరదు, గ్లైడ్ అవుతుంది. వాలినచోటు ఎప్పుడూ బయలుదేరినచోటుకంటే కిందే ఉంటుంది. మళ్లీ గ్లైడ్ కావాలంటే చెట్టెక్కాలి.

మరి గద్ద రెక్కలాడించకుండానే అంతకంతకూ పైకి పోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఎండకు వేడెక్కిన నేల మీదినుంచి గాలి పైకి లేస్తుంది. గద్ద ఆ గాలిలో సుడి తిరుగుతుంది. గాలితో పోల్చి చూస్తే అది కిందికే దిగుతోంది. గాలే దానికంటే వేగంగా పైకి లేస్తోంది. దీనికి ఇంగ్లిషులో ‘సోర్’ అనే వేరే క్రియ ఉంది. ఎత్తు పెరుగుతుంటే సోర్, ఎత్తు తగ్గుతుంటే గ్లైడ్ అని గుర్తుపెట్టుకోండి.

ఎంత ఎత్తు కోల్పోతే ఎంత దూరం వెళ్లగలమన్న నిష్పత్తిని గ్లైడ్ రేషియో అంటారు. ఆ నిష్పత్తి మీద 69 మంది ప్రాణాలు ఆధారపడిన సందర్భం ఒకటుంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం 41,000 అడుగుల ఎత్తున పోతుండగా ఇంధనం అయిపోయి, రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కారణం ఏమిటో తెలుసా? బయలుదేరేముందు ఇంధనం లెక్క కట్టినప్పుడు లీటరుకు 0.8 కిలోలని తీసుకోవలసిన చోట 1.77 అన్న అంకెను వాడారు. అది లీటరుకు ఎన్ని పౌండ్లో తెలిపే అంకె. 22,300 కిలోల ఇంధనం ఉందనుకున్నారు, ఉన్నది అందులో సగంకంటే తక్కువ. విమానం 5,000 అడుగులు దిగే లోపల 10 నాటికల్ మైళ్లు, అంటే సుమారు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు సాగిందని సహ పైలట్ లెక్కవేశాడు. నిష్పత్తి ఒకటికి పన్నెండు. ఆ లెక్కన అనుకున్న విమానాశ్రయం అందదని తేలింది. దగ్గరలో ఉన్న గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం వైపు తిప్పారు. పైలట్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. విమానం అక్కడ దిగింది, అందరూ బతికారు. ఆ విమానానికి ‘గిమ్లీ గ్లైడర్’ అన్న పేరు నిలిచిపోయింది.

అంత బరువున్న విమానం ఆకాశం నుంచి పడిపోలేదు, జారిపోలేదు, అదుపులో ఉండి దిగింది. గ్లైడ్ అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇంకొకటి కూడా చూడండి. అంకె పక్కన ఉన్న ప్రమాణాన్ని చూడకుండా అంకెను వాడడం, సందర్భాన్ని చూడకుండా నిఘంటువు అర్థాన్ని వాడడం, ఈ రెండూ ఒక జాతి పొరపాట్లే.

కనిపించని శ్రమ

మూడవ లక్షణం గుర్తుందా? శ్రమ కనిపించకపోవడం. చెరువులో బాతు నీటి మీద సాగిపోతుంటే ‘గ్లైడ్స్’ అంటారు. నీటి కింద దాని కాళ్లు తెడ్లలా ఆడుతూనే ఉంటాయి. అవి మన కంటికి కనిపించవు, అంతే. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి రంగస్థలం మీద సాగుతుంది. చూసేవారికి అది నేల మీద తేలిపోయినట్లుంటుంది. దాన్ని వర్ణించడానికి గ్లైడ్ సరిగ్గా సరిపోతుంది. ఆ తేలికదనం వెనుక ఎన్నేళ్ల సాధన ఉందో పాదాలకు తెలుసు.

అందుకే ‘ద నర్స్ గ్లైడెడ్ ఇంటు ద రూమ్’ అన్న వాక్యానికి ‘నర్సు గదిలోకి జారింది’ అని రాయకూడదు. ‘నర్సు అడుగుల చప్పుడు కాకుండా మెల్లగా గదిలోకి వచ్చింది’ అనాలి.

‘జారు’ ఒప్పయ్యే చోటు

ఇంతసేపూ ‘జారు’ను తప్పుపట్టాను కాబట్టి దానికి న్యాయం కూడా చేయాలి. కర్ణాటక సంగీతంలో ‘జారు’ అనే గమకం ఉంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి మధ్యలో తెగకుండా, మెట్టు తెలియకుండా నాదాన్ని తీసుకుపోవడమే జారు. పైకీ పోవచ్చు, కిందికీ రావచ్చు. 1904లో తెలుగులో వెలువడిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకు గుర్తులున్నాయి. వాటిలో జారుకు కూడా గుర్తు ఉంది. వీణ మీద వేలు తంతిని వదలకుండా మెట్ల మీదుగా జరిపినప్పుడు వినిపించేది ఇంగ్లిషువారి ‘గ్లైడ్’ తప్ప మరొకటి కాదు. హార్మోనియంలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క మెట్టు కాబట్టి అది సాధ్యం కాదు. ఇక్కడ గ్లైడ్‌ను ‘జారు’ అనడమే సరైన అనువాదం.

మాటల ధ్వనుల్లోనూ గ్లైడ్ ఉంది. ‘య’, ‘వ’ వంటి ధ్వనులను ధ్వనిశాస్త్రంలో గ్లైడ్స్ అంటారు. నాలుక ఒక అచ్చు స్థానం నుంచి మరో అచ్చు స్థానానికి ఎక్కడా ఆగకుండా సాగేటప్పుడు పుట్టే ధ్వనులివి. ‘మా అమ్మ’ అని గబగబా అనండి. రెండు అచ్చుల మధ్య ఒక ‘య’ దానంతట అదే వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది. మన వ్యాకరణం దీన్ని యడాగమం అంది. చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో దీనికి సూత్రం చెప్పాడు. రెండు అచ్చుల మధ్య కుదుపును తొలగించే పని ఆ ‘య’ చేస్తోంది. రైలుకు లోకో పైలట్ చేసే పని అదే కదా!

వాక్యంలో వాడే పద్ధతి

గ్లైడ్‌కు భూతకాల రూపం గ్లైడెడ్. భూతకాల అసమాపక రూపం కూడా అదే. స్లైడ్‌కు ‘స్లిడ్’ వస్తుంది కదా అని గ్లైడ్‌కు ‘గ్లిడ్’ అని రాయకండి. ఇది ఎక్కువగా అకర్మక క్రియ. అంటే ‘ఏం గ్లైడ్ చేశాడు?’ అన్న ప్రశ్నకు మామూలుగా చోటుండదు, ‘ఎటు?’ అన్న ప్రశ్నకే ఉంటుంది. అందువల్ల దీని తరువాత దిక్కును చెప్పే మాటలు వస్తాయి. నీటి మీదుగా అయితే ‘గ్లైడ్ ఎక్రాస్’, పక్కనుంచి అయితే ‘గ్లైడ్ పాస్ట్’, లోపలికి అయితే ‘గ్లైడ్ ఇంటు’.

రెండు భావార్థాలు కూడా ఉన్నాయి. ‘ద ఇయర్స్ గ్లైడెడ్ బై’ అంటే ఏళ్లు తెలియకుండా గడిచిపోయాయని అర్థం. ‘హి గ్లైడెడ్ ఓవర్ ద డిఫికల్టీ’ అంటే కష్టమైన విషయాన్ని పట్టించుకోకుండా పైపైన దాటేశాడని. ఈ రెండవ వాడుకలో కొంచెం ఎత్తిపొడుపు ఉంది. కుదుపు రావలసిన చోట కూడా రానివ్వకపోవడం ప్రతిసారీ మంచి గుణం కాదు.

తెలుగులో గ్లైడ్‌కు సరిసమానమైన ఒక్క మాట లేదు. రైలయితే సాఫీగా కదులుతుంది, పడవ తేలిపోతుంది, గద్ద రెక్క కదపకుండా సాగుతుంది, పాము సరసరా పోతుంది, కాలం తెలియకుండా గడుస్తుంది, స్వరం జారుతుంది. ఇది మన భాషలోని లోటు కాదు. ఎవరు కదులుతున్నారో చూసి క్రియను ఎంచుకోవడం మన అలవాటు. అనువదించేవారు చేయవలసిందీ అదే.

కోటాలోని ఆ అబ్బాయి చివరికి తన వాక్యాన్ని దిద్దుకున్నాడు. ‘రైలు కుదుపు లేకుండా స్టేషను దాటింది’ అని రాశాడు. తండ్రి మళ్లీ కళ్లజోడు పెట్టుకుని చదివి, ‘ఇప్పుడు సిగ్నల్ ఇవ్వొచ్చు’ అన్నాడు.

మీరు చేయవలసిన పని

1. కాగితంతో ఒక విమానం చేయండి. కొలిచిన ఎత్తు నుంచి, బలంగా విసరకుండా, మెల్లగా ముందుకు వదలండి. నేల మీద ఎంత దూరంలో పడిందో కొలవండి. దూరాన్ని ఎత్తుతో భాగిస్తే మీ విమానపు గ్లైడ్ రేషియో వస్తుంది. రెక్కల ఆకారం మార్చి మళ్లీ కొలవండి.

2. క్యారమ్ బోర్డు మీద పొడి చల్లకముందు ఒకసారి, చల్లిన తరువాత ఒకసారి స్ట్రైకరును ఒకే బలంతో కొట్టండి. రెండు కదలికల్లో దేన్ని స్లైడ్ అంటారు, దేన్ని గ్లైడ్ అనవచ్చు? కారణం రాయండి.

3. ఈ వాక్యాలను ‘జారు’ అన్న మాట వాడకుండా తెలుగులో చెప్పండి: ‘ద బోట్ గ్లైడెడ్ ఎక్రాస్ ద గోదావరి.’ ‘ద స్నేక్ గ్లైడెడ్ త్రూ ద గ్రాస్.’ ‘ద డోర్ గ్లైడెడ్ ఓపెన్.’

4. ఇంజను లేకుండా పెట్టెలు స్టేషను నుంచి కదిలిపోయిన వార్తకు ఇంగ్లిషులో ఏ క్రియ వాడాలి? గ్లైడ్ ఎందుకు వాడకూడదో నాలుగు లక్షణాల ఆధారంగా వివరించండి.